మంచులో పరిచిన తువ్వాలు

ఆ చలికాలమంతా నాకు ఒకటే కల. నడుము లోతు కాలువ నీళ్ళలో నిలబడి ఉంటాను. బాప్తిస్మం రోజు కట్టుకున్న తెల్లచీర ఉబ్బి నా చుట్టూ తేలుతూ ఉంటుంది. ఎదురుగా గట్టు ఉందని తెలుసు కానీ మంచులో కనబడదు. అవతలి నుంచి ఎవరో "షీబా" అని పిలుస్తారు. అంతే. ఆడగొంతో మగగొంతో చెప్పలేను. కోపంగానూ ఉండదు, గారంగానూ ఉండదు, చాలా మామూలుగా ఉంటుంది. "ఏంటి?" అంటాను. జవాబుండదు. "ఏంటో చెప్పండి మరి" అంటాను కాస్త గట్టిగా. కలలో కూడా నాకు ఓపిక తక్కువే. అంతలో మెలకువ వచ్చేస్తుంది. పక్కన మా ఆయన గిరీష్ హాయిగా గుర్రు పెడుతూ ఉంటాడు. కిటికీ అద్దం మీద మంచు బొట్లు బొట్లుగా జారుతూ ఉంటుంది.

ఆ పిలిచేది దేవుడా కాదా? నాకు అదే పట్టుకుంది. ఊరికే కాదు. నా తమ్ముడు అరుణ్‌కి కిడ్నీ కావాలి. నాది వాడికి సరిపోతుంది. ఇవ్వాలో వద్దో దేవుడు నాకు చెబుతాడని మా వాళ్ళందరూ ఎదురుచూస్తున్నారు.

అరుణ్ నాగాయలంకలో పీతల వ్యాపారం చేస్తాడు. పడవల వాళ్ళ దగ్గర పీతలు కొని, డెక్కలు తాడుతో కట్టి, బుట్టల్లో సర్ది పట్నాలకి పంపుతాడు. బీపీ చూపించుకోరా అంటే, పీతలకి కూడా బీపీ ఉంటుందా అక్కా అని నవ్వేవాడు. ఆ నవ్వులోనే కిడ్నీలు రెండూ పోయాయి. ఇప్పుడు డయాలసిస్ కోసం బందరు వచ్చి వెళ్తున్నాడు. అయిపోయాక మా ఇంటికొచ్చి, తిరుగు బస్సు దాకా ముందు గదిలో పడుకుంటాడు. ఉడకేసిన బట్టలా ఉంటుంది వాడి మొహం. అయినా జోకులు మానడు. అమ్మ పోయేనాటికి వాడు ఐదో తరగతి. తల దువ్వి, జేబులో రుమాలు పెట్టి బడికి పంపింది నేనే. వాడి భార్య రమ్య ఇస్తానంటే బ్లడ్ గ్రూపు కుదరలేదు. నావి మాత్రం ఒకటి కాదు, అన్నీ కుదిరాయి. విజయవాడలో డాక్టరు కాగితాలు చూసి, పెళ్ళిచూపుల్లో జాతకాలు కలిసినంత సంతోషపడ్డాడు. ఈ నెలాఖరులోపు ఏదో ఒకటి చెప్పమన్నాడు.

"ప్రార్థన చేసి చెబుతానండి" అన్నాను.

మా ఇళ్ళలో ఎవరూ తమంతట తాము అవుననీ కాదనీ అనరు. పెళ్ళి సంబంధం నచ్చకపోతే నచ్చలేదని చెప్పం. "ప్రార్థన చేశామండి, ప్రభువు నడిపింపు రాలేదు" అంటాం. పిల్లవాడు ఎర్రగా ఉండి బ్యాంకు ఉద్యోగమైతే నడిపింపు ఆ సాయంత్రానికే వచ్చేస్తుంది. ఈ మాట వెనక ఎంత కంగారైనా దాచుకోవచ్చు. నేనూ దాచుకున్నాను. నాకు కత్తి అంటే భయం. మత్తుమందంటే భయం. పడుకోబెట్టాక లేవనేమోనని భయం. నేను పనిచేసేది బీమా ఆఫీసులో. మనిషికి ఏ క్షణాన ఏమైనా కావచ్చని నలుగురికీ గుర్తు చేయడానికే నాకు జీతమిస్తారు. మా అమ్మాయి దివ్యశ్రీ హాస్టల్లో ఇంటర్ చదువుతోంది. నాకేమైనా అయితే దాని గతేమిటని నన్ను నేనే అడుగుతూ కూర్చునేదాన్ని.

గిరీష్‌ని అడిగితే, "నువ్విస్తానంటే నేను ఆపను. ఇవ్వనన్నా ఆపను" అన్నాడు. గుడివాడ రైల్వే స్టేషన్లో పనిచేసే మనిషి. రెండు వైపుల బళ్ళకీ పచ్చజెండా ఊపడం అలవాటైపోయింది. ఇంతకంటే ఒక చెంపదెబ్బ కొట్టినా బాగుండుననిపించింది.

గుడివాడలోనే మా సీతమ్మ పిన్ని ఉంటుంది. శుక్రవారం ఆవిడ ఇంట్లో ఉపవాస ప్రార్థన. పిన్నికి దర్శనాలు వస్తాయని చుట్టుపక్కల పేరు. తప్పిపోయిన గేదె ఏ పొలంలో ఉందో కూడా ఆవిడకి కనబడిందని చెప్పుకుంటారు. ఒక శుక్రవారం సెలవు పెట్టి గిరీష్‌తో పాటే రైలెక్కాను. కిటికీ బయట చేపల చెరువులు మంచు కింద ఉన్నాయి. ఎక్కడ నీరో ఎక్కడ ఆకాశమో తెలియలేదు. గట్ల మీద కొంగలు మాత్రం గాలిలో నిలబడ్డట్టు ఉన్నాయి. కల ఇంకా అయిపోలేదేమో అనుకున్నాను.

పిన్ని ఇంట్లో చాపల మీద ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని ఊగుతున్నారు. ఎవరి ప్రార్థన వాళ్ళది. అన్ని గొంతులూ కలిసి తుమ్మెదల్లా హోరుమంటున్నాయి. నాకూ కళ్ళు మూతలు పడ్డాయి. ఒక్క క్షణం కాలువ నీళ్ళు నడుముకి తగిలాయి. పిలుపు కోసం చెవులు రిక్కించాను. అప్పుడే పిన్ని నా తల మీద చెయ్యి పెట్టింది.

"వెలుగు కనబడతంది" అంది. "వెలుగులో తలుపు. తెరిచే ఉంది."

"ఆపరేషన్ థియేటర్ తలుపా పిన్నీ, మా ఇంటి తలుపా?"

"అది చూపించలేదు" అంది పిన్ని, కాస్త నొచ్చుకుని.

అయితే వాక్యమే చెబుతుందని ఎవరో బైబిలు నా ఒళ్ళో పెట్టారు. కళ్ళు మూసుకుని తెరవాలి, వేలు ఎక్కడ పడితే అది దేవుని మాట. మా వాళ్ళలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఈ పని చేస్తారు, బయటకి చెప్పరంతే. నేను తెరిచాను. వేలు పాత నిబంధనలో, బలిపశువు మూత్రపిండాలు రెండూ కొవ్వుతో సహా బలిపీఠం మీద కాల్చమని చెప్పే చోట పడింది. నేను అబద్ధం చెప్పడం లేదు. ఆ తుమ్మెదల హోరు ఆగిపోయింది. తర్వాత ఒకావిడ సన్నగా "స్తోత్రం" అంది.

"రెండూ అంటున్నాడు పిన్నీ" అన్నాను. "డాక్టరు ఒకటి చాలన్నాడు."

ఎవరూ నవ్వలేదు. పిన్ని నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టింది. "వేళాకోళమాడకే. భయమేస్తే నువ్విట్టాగే మాట్లాడతావు, చిన్నప్పట్నుంచీ చూస్తన్నాను" అంది. ఆ రోజు ఆవిడకి నిజంగా కనబడింది ఏదైనా ఉందంటే అదే.

ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు డేవిడ్ రాజు అయ్యగారి కోసం చర్చి మెట్ల దగ్గర ఆగాను. క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా దించలేదు. తడిసిన రంగుకాగితం నుంచి నీళ్ళు ఆయన భుజం మీద పడుతున్నాయి.

"దేవుడు మాట్లాడుతున్నాడని ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

"మూడు చూసుకోవాలమ్మా" అన్నారాయన. "అది వాక్యానికి కలవాలి. పరిస్థితులు కలిసిరావాలి. మనసులో నెమ్మదుండాలి. మూడూ ఉంటే అది దేవుడి మాటే."

"మొదటి రెండూ ఉన్నాయండి. నెమ్మదే లేదు."

"అయితే కంగారు పడకు. ఇంకా ప్రార్థన చెయ్యి."

ఇంటికి దాదాపు గెంతుతూ వచ్చాను. నెమ్మది లేకపోతే దేవుడు చెప్పనట్టే కదా. మరి నెమ్మది రాకుండా చూసుకోవడం ఎంత పని? భయపడుతూ కూర్చుంటే చాలు, నెలాఖరు వచ్చేస్తుంది. కానీ ఆ సాయంత్రం డయాలసిస్ నుంచి వచ్చి అరుణ్ ముందు గదిలో పడుకున్నాడు. ఎందుకో నిద్రలో వాడి చెయ్యి గాలిలో దేన్నో వెతికింది. చిన్నప్పుడు అలా వెతికితే నా చీర కొంగు అందించేదాన్ని. ఆ చెయ్యి మళ్ళీ దుప్పటి మీదకి దిగేదాకా గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఇక ఇలా కాదని ఒక గుర్తు అడుగుదామనుకున్నాను. పాత నిబంధనలో ఒక రైతు ఉంటాడు. యుద్ధానికి వెళ్ళమని దేవుడు చెప్పినా నమ్మకం చాలక, కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచి, తెల్లారేసరికి బొచ్చు తడిసి నేల పొడిగా ఉండాలంటాడు. అలాగే అవుతుంది. మర్నాడు తిరగేసి, నేల తడిసి బొచ్చు పొడిగా ఉండాలంటాడు. అదీ అవుతుంది. సండే స్కూల్లో ఈ కథ చెప్పి చెప్పి నాకు నోటికొచ్చేసింది. మా ఇంట్లో గొర్రెబొచ్చు లేదు కానీ, పెడన నుంచి తెచ్చిన కొత్త తువ్వాలుంది.

చీకటి పడుతుండగా మేడ మీదకి వెళ్ళి, తువ్వాలు నట్టనడుమ పరిచి, నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టాను. "ప్రభువా, పొద్దున్నకి చుట్టూ తడిసి ఈ తువ్వాలు పొడిగా ఉంటే ఇస్తాను" అన్నాను. బాగా వినండి, పొడిగా ఉంటే. జనవరి నెలలో బందరులో బీరువాలో పెట్టిన అగ్గిపెట్టె కూడా మెత్తబడిపోతుంది. ఆరుబయట వేసిన తువ్వాలు పొడిగా ఉండడమా? నాకు కావలసిన జవాబు తప్పకుండా వచ్చేలా పరీక్ష పెట్టి, పరీక్ష పెట్టినందుకు గంభీరంగా మోకాళ్ళూని, కిందకొచ్చి అన్నం తిన్నాను. చాలా రోజుల తర్వాత నోటికి రుచి తెలిసింది.

తెల్లవారుతుండగా మెట్లెక్కాను. ఊరంతా మంచులో మునిగి ఉంది. పక్కిళ్ళ మేడలు లేవు, సెల్ టవర్ లేదు, ఆకాశం లేదు. మసీదు మైకు అప్పుడే ఆగింది. అజాన్ తాలూకు చివరి మాట మంచులో ఎక్కడో వేలాడుతున్నట్టే ఉంది. నేలంతా తడి. వాటర్ ట్యాంకు తడి. కుండీలో మందారాకులు టపటప కారుతున్నాయి. వంగి తువ్వాలు మీద చెయ్యి వేశాను.

పొడిగా ఉంది. అప్పుడే బీరువాలోంచి తీసినట్టు పొడిగా, కొంచెం వెచ్చగా కూడా ఉంది.

తడి సిమెంటు మీద అలాగే కూలబడ్డాను. సంతోషం కాదది. చీకట్లో ఒంటరిగా ఉన్నామనుకుని ఏదో చేస్తుంటే, వెనక ఎవరో ముందు నుంచే నిలబడి ఉన్నారని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మంచు నా చుట్టూ నెమ్మదిగా కదులుతోంది. మేడ ఇంటి మీద ఉందో, ఊరు వదిలి ఎటైనా తేలిపోతోందో తెలియలేదు. ఎంతసేపు అలా కూర్చున్నానో కూడా తెలియదు. గిరీష్ కేక వేస్తే దిగొచ్చాను.

చెప్పగానే ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు బయటకి రాలేదు. ఆ కుళాయి చప్పుడు విన్నాక తెలిసింది, ఇన్నాళ్ళూ ఆయన పచ్చజెండాలు ఊపుతూ ఎంత వణికిపోయాడో. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి మీద నాకంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. పిన్నికి ఫోన్ చేశాను. ఆవిడ వేసిన కేకకి గుడివాడ జంక్షన్లో బళ్ళు ఆగిపోయి ఉండాలి. ఆ రోజు ఆఫీసులో పాలసీ కాగితాల మీద అక్షరాలు నీళ్ళలో ఉన్నట్టు కదిలాయి. ఎవరైనా పలకరిస్తే దూరం నుంచి వినబడింది. నేను ఇస్తున్నాను, దేవుడు చెప్పాడు, ఇక నా చేతుల్లో ఏమీ లేదు అని లోపల ఎవరో పాఠం అప్పజెప్పినట్టు అంటూనే ఉన్నారు.

సాయంత్రం తువ్వాలు తీయడానికి మేడెక్కాను. పక్క మేడ మీద ఆమినా బీ ఎండుమిరపకాయలు ఎత్తుతోంది. రెండు మేడలకీ మధ్య మోకాలెత్తు పిట్టగోడ. ఆవిడ పెద్దావిడ, ఒంటరిగా ఉంటుంది. నేను మామ్మగారూ అంటాను. అరుణ్ వచ్చిన రోజు వాడి కోసం ఉప్పు లేకుండా కూర వండి, గోడ మీద నుంచి అందిస్తుంది. ఉప్పు లేని కూరకి రుచి ఎలా తెస్తుందో ఇప్పటికీ చెప్పలేదు.

"షీబమ్మా, కొత్త తువ్వాలు మంచులో మర్చిపోతావా?" అంది ఆవిడ. "కొత్త గుడ్డకి మంచు తగిల్తే మచ్చలు పడిపోవూ? రాత్రి మిరపకాయల మీద పట్టా కప్పుదామని వస్తే కనబడింది. తీసి లోపల పెట్టాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. "లోపల పెట్టారా?"

"ఆఁ. పొద్దున్నే నమాజుకి లేచినప్పుడు మళ్ళీ తెచ్చి ఎక్కడిదక్కడ పరిచేశాను. ఇటుకలు పెట్టావు గదా, మీ ప్రార్థన సంగతేదో అయ్యుంటుందనుకున్నా. మనకెందుకొచ్చిన గొడవని నాలుగు ఇటుకలూ ఎట్టా ఉన్నయ్యో అట్టాగే పెట్టాను. తప్పయ్యిందా అమ్మా?"

ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేని నవ్వు. పిట్టగోడ పట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వాను. ఎందుకో తెలియకపోయినా ఆమినా బీ కూడా నవ్వింది. గుండెల మీద నుంచి బస్తా దింపినట్టయింది. దేవుడు కాదు, మామ్మగారు. గుర్తు కాదు, మచ్చలు పడతాయని బెంగ. నేను స్వేచ్ఛాజీవిని. పొద్దుటి నుంచి నా కళ్ళ ముందే ఉన్న మంచు ఒక్కసారిగా విడిపోయి, మేడలన్నీ తిరిగి వాటి వాటి చోట్లకి వచ్చినట్టు కనిపించాయి.

"ఏంటమ్మా అంత సంతోషం?" అంది ఆవిడ.

"ఇంక మా తమ్ముడికి కిడ్నీ ఇవ్వక్కర్లేదు మామ్మగారూ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నా చెవులతోనే విన్నాను. నవ్వు సగంలో ఆగిపోయింది.

"అరుణ్‌కా?" అంది ఆమినా బీ.

చేటలో మిరపకాయలు సర్దుకుంటూ ఉండిపోయింది. నేను ఇటుక ముక్కలు ఒక్కొక్కటే తీసి మూలకి పెట్టాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఇవ్వాలో వద్దో తెలియనివాళ్ళకి ఇంత సంతోషం రాదు. తెలిసి, తప్పించుకున్నవాళ్ళకే వస్తుంది. గుడివాడలో తెరిచిన పుటా, అయ్యగారు చెప్పిన మూడు మాటలూ, ఈ తువ్వాలూ, నేను వీటన్నిటినీ అడిగింది దేవుడేమంటున్నాడో తెలియకనా? నిద్రలో వాడి చెయ్యి గాలిలో వెతికినప్పుడే తెలుసు. ఆ ముందే తెలుసు. కాగితాల మీద అన్నీ కుదిరాయని డాక్టరు అన్నప్పుడు నా కడుపులో ఏదో సరేనంది. ఆ సరేని వినబడనివ్వకుండా ఇన్నాళ్ళూ గట్టిగట్టిగా ప్రార్థన చేశాను.

"తప్పేం కాలేదు మామ్మగారూ" అని చెప్పి దిగొచ్చాను. ఆ రాత్రి కల రాలేదు.

మర్నాడు పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాను. గిరీష్ వస్తానన్నాడు, వద్దన్నాను. ఫోన్‌లో చెప్పే మాట కాదని మాత్రమే తెలుసు నాకు, ఏం చెప్పాలో తెలియదు. ఘంటసాల వైపు రోడ్డు చీలే చోట మంచు ఎంత దట్టంగా ఉందంటే, డ్రైవరు పక్కన కూర్చున్న ఆయన తల బయట పెట్టి దారి చెబుతున్నాడు. చల్లపల్లిలో దిగిపోయాను. టీ కోసమని నాకు నేనే చెప్పుకున్నాను కానీ, టీ కొట్టు దాటి, బందరు బస్సులాగే చోట నిలబడ్డాను. కాళ్ళు వాటంతటవే అక్కడికెళ్ళాయి. వెనక నుంచి మా బస్సు కండక్టరు, "అమ్మా, అవనిగడ్డ టికెట్! రండి, బయల్దేరుతున్నాం" అని అరిచాడు. కావాలంటే వినబడనట్టు ఊరుకోవచ్చు. వెళ్ళి ఎక్కాను.

పులిగడ్డ దగ్గర నది మీదుగా కాలువని దాటిస్తారు. కింద కృష్ణ, దాని పైన ఇంకో నీరు. చిన్నప్పుడు అక్కడికి రాగానే అరుణ్ నా ఒళ్ళోకి ఎక్కేసేవాడు, పైనీళ్ళు కిందపడతాయేమోనని. కిటికీలోంచి చూస్తే కిందా పైనా ఒకటే తెలుపు. కళ్ళు తెరిచే ఉన్నాను, కానీ ఆ కాలువలో నిలబడినట్టే ఉంది. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ వంటింట్లోంచి "షీబా" అని పిలిచేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. ఏంటి అని ఇక్కడి నుంచే అరిస్తే వీపు మోగిపోయేది. పిలిస్తే రావాలి. వచ్చాక బిందె ఎత్తాలో, తమ్ముణ్ణి ఎత్తుకోవాలో అక్కడ కనబడుతూనే ఉండేది. నేనేమో ఇన్ని రాత్రులు నీళ్ళలో నిలబడి, ఏంటో చెప్పండి అని దబాయిస్తున్నాను.

"వస్తున్నాను" అన్నాను. పక్కనున్న ఆవిడ నాతోనా అన్నట్టు చూసింది.

అవనిగడ్డలో బస్సు మారి నేను వెళ్ళేసరికి నాగాయలంకలో ఎండ వచ్చేసింది. పీతల షెడ్డు పక్కన వరండాలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు అరుణ్. రమ్య నన్ను చూసి ఎదురొచ్చి, "వదినా, పొద్దుట్నుంచీ చిరాగ్గా ఉన్నాడు, ఏమీ అనుకోమాకండి" అంది మెల్లగా.

"పిన్ని ఫోన్ చేసింది" అన్నాడు వాడు, కూర్చోమని కూడా అనకుండా. "తువ్వాలు పొడిగా ఉందంట గదా. ప్రభువు చెప్పాడంట గదా. స్తోత్రం స్తోత్రమని నా చెవి చిల్లు పడేట్టు అరిచింది."

"అరుస్తుంది. పిన్ని సంగతి తెలిసిందేగా."

"నాకొద్దక్కా."

"ఏంట్రా వద్దు?"

"దేవుడు చెప్పాడని ఇచ్చేది నాకొద్దు." వాడి గొంతులో జోకు లేదు. అంత నిస్సత్తువలోనూ ఆ మాటలు ముందే కూడబలుక్కున్నట్టు వచ్చాయి. "నువ్వు ఆ తువ్వాలు చూసి భయపడి వచ్చావు. రేపు ఆపరేషన్ అయ్యాక ఎప్పుడో నీకు ఒంట్లో బాగుండదు. అప్పుడు ఆ తువ్వాలు నిజంగా పొడిగా ఉందా, నాకట్టా అనిపించిందా అని అనుమానమొస్తుంది. అప్పుడు నా మొహం ఎట్టా చూస్తావు? నేను నీ మొహం ఎట్టా చూడాలి? డయాలసిస్ చేయించుకుంటా. ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళు."

నేను మంచం చివర కూర్చుని ఆమినా బీ సంగతి మొత్తం చెప్పాను. మిరపకాయలు, పట్టా, మచ్చలు, నాలుగు ఇటుకలు. వాడు కళ్ళు పెద్దవి చేసి విన్నాడు. నవ్వబోయి, దగ్గొచ్చి, ఆగిపోయాడు.

"అంటే దేవుడు చెప్పలేదా?"

"తువ్వాలుతో చెప్పలేదు."

"మరి ఎందుకొచ్చావు?"

బస్సులో అనుకున్నవన్నీ, నీళ్ళూ పిలుపూ అమ్మా, వాడి ముందు ఒక్కటీ నోటికి రాలేదు. "నువ్వు చచ్చిపోతే నేనుండలేనురా" అన్నాను. "అందుకొచ్చాను. ఇంకో కారణం లేదు."

రమ్య గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. షెడ్డులో బుట్టల్లో పీతలు బరబరమంటున్నాయి.

"భయం లేదా?" అన్నాడు వాడు.

"చచ్చేంత ఉంది. నిన్న ఇవ్వక్కర్లేదని తెలిసి పగలబడి నవ్వాను. ఇవాళ చల్లపల్లిలో దిగి వెనక్కెళ్ళిపోబోయాను."

వాడు సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన చెయ్యి తీసుకొచ్చి నా చేతి మీద పెట్టాడు. డయాలసిస్ కోసం నరాలు కలిపి కుట్టిన ఆ చేతిలో రక్తం గిర్రున తిరగడం నా వేళ్ళకి తెలుస్తోంది. జబ్బు బయటపడిన రోజు నుంచి వాడు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. మా అందరికంటే వాడి నోరే ఎక్కువ, కానీ ఆ ఒక్క మాట మాత్రం నోట్లోంచి జారనివ్వలేదు.

"నాకు చచ్చిపోవాలని లేదక్కా" అన్నాడు. "ఇస్తావా?"

"ఇస్తాను" అన్నాను.